పర్లాకిమిడిలో కోహా డైరీ: గిడుగు అని కొడితే 9 రావాలి

పఠనాలయం పుస్తకాల జాబితాని కంప్యూటర్లోకి ఎక్కించే పని ఎందుకు మొదలుపెట్టామో, కమిటీలో ఎవరేమన్నారో అదంతా వదిలేస్తున్నా. పని మొదలయ్యేనాటికి చేతిలో ఉన్నవి ఇవీ: ఒడిశాలోని పర్లాకిమిడిలో మా వీధి చివర తెలుగు పఠనాలయం, రిజిస్టర్ల చివరి నంబరు ప్రకారం 2,846 పుస్తకాలు, మూడు భాషలు (తెలుగు, ఒడియా, ఇంగ్లీషు), మూడు రిజిస్టర్లు. వాటిలో ఒకటి 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి పైకప్పు కారి తడిసిపోయి, ఎండాక అట్టలా బిగుసుకుపోయింది. ఒక పాత డెస్క్‌టాప్, ఎవరో ఇచ్చిన లాప్‌టాప్ కూడా ఉన్నాయి.

సాఫ్ట్‌వేర్ కోహా, లైబ్రరీ పుస్తకాల జాబితా, ఇచ్చిపుచ్చుకోవడం చూసుకునేది. 1999లో న్యూజిలాండ్‌లో హోరోవెనువా లైబ్రరీల కోసం రాశారు, 2000 జనవరి నుంచి నడుస్తోంది, మావోరీ భాషలో కోహా అంటే కానుక. ఈ డైరీ ప్రింటు తీసి పఠనాలయం ఫైల్లో కూడా పెడుతున్నాం, మా మేష్టారు చదువుతారు, అందుకని కమాండ్లని కూడా తెలుగులో పలికినట్టే రాస్తున్నా. కీబోర్డు మీద మామూలుగా ఇంగ్లీషులోనే కొట్టుకోండి.

పని అయిందో లేదో తేల్చే పరీక్ష మేష్టారే పెట్టారు. "వెతికే డబ్బాలో గిడుగు అని కొడతాను. ఆయన రాసినవీ ఆయన మీద రాసినవీ మన దగ్గర తొమ్మిదున్నాయి, నాకు నోటికొచ్చు. తొమ్మిదీ రావాలి." గిడుగు రామమూర్తి గారు ఈ ఊళ్ళోనే మేష్టరీ చేస్తూ సవర భాష నేర్చుకున్న మనిషి, ఇక్కడ ఆయన పేరు దొరకకపోతే సాఫ్ట్‌వేర్ ఎందుకూ పనికిరానట్టే. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29 కల్లా పూర్తి చెయ్యాలన్నది అనుకున్న ముహూర్తం. చివరికి మార్చి వచ్చింది.

స్టేజ్ 1: గడియారం (ఆగస్టు 2024)

డెస్క్‌టాప్ రెండో తరం ఐ3, 4 జీబీ ర్యామ్. హార్డ్ డిస్క్ తీసేసి 240 జీబీ ఎస్‌ఎస్‌డీ వేశాను (1,650 రూపాయలు), ఇంకో 4 జీబీ ర్యామ్ సెకండ్‌హ్యాండ్‌లో దొరికింది (650). డెబియన్ 12 (లినక్స్‌లో ఒక రకం) ఎక్కించాను, కిటికీలూ ఐకాన్లూ ఏమీ లేకుండా ఒట్టి సర్వర్. అది మానిటర్ లేకుండా బీరువా పక్కన కూర్చుంటుంది, లైబ్రరీ చూసుకునే పిన్ని లాప్‌టాప్‌లో బ్రౌజర్ తెరిచి పని చేసుకుంటుంది. ఈ ఒట్టి సర్వర్ నిర్ణయమే ఫిబ్రవరిలో నన్ను ముంచింది, అక్కడ చెప్తా.

మొదటి రోజే ప్యాకేజీల లిస్టు దిగలేదు. రిలీజ్ ఫైలు ఇంకా చెల్లుబాటులోకి రాలేదని ఒకటే ఎర్రర్. ప్యాకేజీలు దిగే సర్వర్ (మిర్రర్) రెండుసార్లు మార్చాను, ఫోన్ హాట్‌స్పాట్‌ని తిట్టుకున్నాను, పక్కనే ఆంధ్రలో ఉన్న పాతపట్నం వైపు టవర్ పట్టుకుంటోందేమో అని ఫోన్ కిటికీలో పెట్టి చూశాను. రెండు సాయంత్రాలు అలా పోయాక డేట్ అని కొడితే 2011 జనవరి 1 అని చూపించింది. మదర్‌బోర్డు మీద బిళ్ళ సెల్ చచ్చిపోయింది. మిషను దృష్టిలో ఇవాళ్టి ఫైళ్ళన్నీ పదమూడేళ్ళ తర్వాత రాబోయేవి, అందుకే వద్దంటోంది.

1. ప్లగ్ తీసేసి సీఆర్ 2032 సెల్ మార్చండి. 30 రూపాయలు.
2. బయోస్‌లో తేదీ సరిచెయ్యండి.
3. రాత్రంతా ప్లగ్ తీసే ఉంచి, పొద్దున్న తేదీ నిలిచిందో లేదో చూడండి.
4. నిలిచాకే ఇన్‌స్టాల్ జోలికి వెళ్ళండి.

తేదీ తప్పుగా ఉండగానే ఎలాగోలా ఇన్‌స్టాల్ అయిపోయి ఉంటే ఇంకా ఘోరం, పుస్తకం తిరిగివ్వాల్సిన గడువులన్నీ 2011లో పడేవి.

తర్వాతది చిన్నదే గానీ అందరూ పడే గుంట. పాఠకుల పేజీ తెరుచుకుంది, సిబ్బంది పేజీ తెరుచుకోలేదు. కోహా సెట్టింగుల్లో సిబ్బంది పేజీకి 8080 పోర్టు ఇచ్చాను గానీ, ఆ పోర్టు మీద వినమని వెబ్ సర్వర్ అపాచీకి దాని పోర్ట్స్ ఫైల్లో చెప్పలేదు. ఒక్క లైను. గంట పట్టింది. ప్లాక్ (కోహాని మెమరీలో సిద్ధంగా ఉంచేది) ఆన్ చెయ్యడం కూడా మర్చిపోకండి, అది లేనప్పుడు పేజీ తెరుచుకోవడానికి 11 సెకన్లు, ఆన్ చేశాక 2.

ఇప్పటిదాకా: ఖర్చు 2,330 రూపాయలు, 14 గంటలు, పుస్తకాలు 0.

స్టేజ్ 2: అను ఫాంట్ల లిస్టు (సెప్టెంబరు)

పాత రిజిస్టరు ఒకటి ఎప్పుడో డీటీపీ చేయించారు, 1,120 పుస్తకాలు. ఫైలు దొరికిందని సంబరపడ్డాం. అది అను ఫాంట్లలో ఉంది. అంటే తెర మీద తెలుగు కనిపిస్తుంది గానీ లోపల ఉన్నది ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ, ఫాంటు వాటికి తెలుగు బొమ్మలు తొడుగుతుంది. కాపీ చేసి ఇంకో చోట పెడితే బూతుల్లాంటి గుర్తుల వరస వస్తుంది. యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి, మార్చాను, చూడగానే బాగానే ఉన్నట్టనిపించింది. నమ్మకూడదు. 100 లైన్లు పుస్తకాలతో సరిచూస్తే 23 తప్పులు తేలాయి. ఎక్కువ భాగం వత్తుల దగ్గరే: ర వత్తు పక్క అక్షరానికి అంటుకోవడం, కొన్ని చోట్ల కొమ్ము ఎగిరిపోవడం.

1,120 లైన్లూ మళ్ళీ చదివాం. పిన్ని చదివేది, నేను దిద్దేవాణ్ణి, సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా, 11 రోజులు.

చేతిరాత రిజిస్టర్లో 1,070 ఉన్నాయి. వాటిని నలుగురు కుర్రాళ్ళు ఫోన్లలో కొట్టి పంపారు, ఒక్కొక్కడిదీ ఒక్కో కీబోర్డు. దీని ఫలితం స్టేజ్ 4లో కనిపిస్తుంది. తడిసిన రిజిస్టరులోని 656 లైన్లు చదవలేం, వాటిని అల్మారాలో పుస్తకం చేత్తో పట్టుకుని నేరుగా కోహాలోనే ఎక్కించాలని తీర్మానం.

ఇప్పటిదాకా: షీటులో 2,190 వరసలు, 61 గంటలు, ఖర్చు అంతే.

స్టేజ్ 3: ఒక్క అక్షరం ‘ఎ’ (అక్టోబరు)

షీటుని మార్క్ రికార్డులుగా (లైబ్రరీల జాబితాలకి వాడే ఫార్మాట్) మార్చాలి, కోహాకి అర్థమయ్యేది అదే. పైథాన్‌లో పైమార్క్ అనే లైబ్రరీ ఉంది గానీ, నేను తెలివికి పోయి సొంతంగా రాశాను. ఫైలు ఎక్కిస్తే మొదటి 31 రికార్డులు ఇంగ్లీషువి కాబట్టి బానే వెళ్ళాయి, తెలుగు మొదలవగానే ఆగిపోయింది.

తప్పు నాదే. మార్క్ రికార్డులో ప్రతి ఫీల్డు పొడవూ రాయాలి, అది బైట్లలో ఉండాలి. నేను అక్షరాలు లెక్కపెట్టాను. గిడుగు అన్న మాట కంటికి 3 అక్షరాలు, యూనికోడ్‌కి 6 (గ, గుడి, డ, కొమ్ము, గ, కొమ్ము), ఫైల్లో 18 బైట్లు. ఇంగ్లీషులో మూడూ ఒకటే కాబట్టి రాసినప్పుడు తెలియలేదు. సిగ్గుపడి పైమార్క్‌కే వచ్చాను, పొడవుల సంగతి అదే చూసుకుంటుంది.

ఈసారి అన్నీ ఎక్కాయి, తెలుగంతా చెత్తలా కనిపించింది. రికార్డు మొదట్లో లీడర్ అని 24 స్థానాల వరస ఉంటుంది, సున్నా నుంచి లెక్క, అందులో 9వ స్థానంలో ఇంగ్లీషు ‘ఎ’ ఉంటే యూనికోడ్ అని అర్థం. ఖాళీ ఉంటే మార్క్-8 అనే పాత పద్ధతి అనుకుని దాని ప్రకారం మార్చేస్తుంది. నాది ఖాళీ. ఒక్క చిన్న ‘ఎ’ పెట్టి, పాత బ్యాచ్ వెనక్కి తీసేసి మళ్ళీ ఎక్కిస్తే తెలుగు తెలుగులా వచ్చింది.

మీరు చేసేటప్పుడు:

1. ముందు 10 రికార్డులే ఎక్కించండి. అందులో ఒడియా ఒకటి, పొడుగు తెలుగు పేరు ఒకటి ఉండాలి.
2. లీడర్ 9వ స్థానం చూసుకోండి.
3. తప్పైతే బ్యాచ్ మొత్తం వెనక్కి తీయండి, ఒక్కొక్కటీ చెరపకండి. నేను 31 చెరిపాక ఆ బటన్ కనిపించింది.

ఇప్పటిదాకా: కోహాలో 2,190, 75 గంటలు. గిడుగు పరీక్ష: 9లో 0. పుస్తకాలు లోపల ఉన్నాయి, వెతికితే రావు.

స్టేజ్ 4: రాముడి కోసం వెతికితే రోమ్ (నవంబరు)

ఎక్కువ నేర్చుకున్నది ఇక్కడే, అందుకని వివరంగా రాస్తా.

కోహాలో వెతుకులాట పని జీబ్రా అనే ఇండెక్సరుది. మామూలుగా వచ్చే అక్షరాల పట్టికకి మన లిపులు తెలియవు. దాన్ని తీసి ఐసీయూ (అన్ని లిపులూ తెలిసిన యూనికోడ్ లైబ్రరీ) పద్ధతి పెట్టాలి. కోహా తాలూకు జీబ్రా ఫోల్డర్లో డీఫాల్ట్ ఐడీఎక్స్ ఫైలు తెరిచి, క్యార్‌మ్యాప్ లైన్లు ఆపేసి, వాటి పక్కనే ఉన్న ఐసీయూ చైన్ లైన్లు తెరవాలి. జీబ్రాని ఆపి మొదలుపెట్టి, కోహా-రీబిల్డ్-జీబ్రాతో ఇండెక్సు మొత్తం మళ్ళీ కట్టాలి. మా మిషను మీద 2,190కి 3 నిమిషాలు పట్టింది.

అంతటితో ఊరుకుంటే బాగుండేది. ఫ్రెంచి, జర్మన్ అక్షరాల మీది గీతలు పట్టించుకోకుండా వెతకడానికి ఎవరో రాసిన రూలు ఒకటి కనిపించింది, అక్షరం మీద కూర్చునే గుర్తుల్ని తీసేసేది. మనకీ రకరకాల స్పెల్లింగులున్నాయి కదా పనికొస్తుందని పెట్టేశాను. గిడుగు అని కొడితే 6 వచ్చాయి! మేష్టారికి ఫోన్ చేసి రమ్మన్నాను.

ఆయన వచ్చి రామ అని కొట్టారు. మొదటి పేజీలోనే రోమ్ చరిత్ర వచ్చింది.

"రాముడి కోసం వెతికితే రోమ్ వచ్చిందేటి బాబూ?"

ఆయన వెళ్ళాక కూర్చుని చూశాను. యూనికోడ్ లెక్కలో మన దీర్ఘం, గుడి, ఓత్వం, పొల్లు లాంటివి ‘చోటు తీసుకోని గుర్తులు’ అన్న జాతి. కొమ్ము మాత్రం వేరే జాతి, అది మిగులుతుంది. నా రూలు మొదటి జాతిని ఊడ్చేసింది. రామలో దీర్ఘం పోతే రమ. రోమ్‌లో ఓత్వమూ పొల్లూ పోతే అదీ రమే. కోడి, కాడి రెండూ కడ అయిపోయాయి. గిడుగు గడుగు అయిపోయింది, వెతికే మాట కూడా గడుగు అయింది కాబట్టి రెండూ కలిసి సరిపోయినట్టు కనిపించింది. ఫ్రెంచికి అది అక్షరం మీది గీత. మనకి అదే అచ్చు. రూలు తీసేసి ఇండెక్సు మళ్ళీ కట్టాను, గిడుగు 6 అలాగే ఉంది, రోమ్ పోయింది.

ఇంకో జబ్బు. ఠాగూర్ అని కొడితే 14 రావాలి, 5 వచ్చాయి. తెర మీద పద్నాలుగూ ఒకేలా ఉన్నాయి, కళ్ళజోడు పెట్టుకున్నా తేడా లేదు. బైట్లు తీసి చూస్తే కొన్నిటి చివర కనిపించని అక్షరం ఒకటి ఉంది, జీరో విడ్త్ నాన్ జాయినర్. పొల్లు తర్వాత వచ్చే అక్షరం వత్తుగా మారకుండా ఉండటానికి పెట్టేది. కొన్ని కీబోర్డులు మాట చివర కూడా దాన్ని వాటంతటవే అంటిస్తాయి. నలుగురు కుర్రాళ్ళు, నాలుగు ఫోన్లు. మొత్తం 217 వరసల్లో ఉంది.

డేటాలోంచి పూర్తిగా తీసేద్దామంటే కుదరదు, మాట మధ్యలో అది నిజంగానే కావాలి, లేకపోతే రాజ్‌కుమార్‌లో జకి క వత్తు పడిపోతుంది. అందుకని రెండు పనులు చేశాను:

1. డేటాలో మాట చివర ఉన్నవి మాత్రం స్క్రిప్టుతో తీసేశాను.
2. ఐసీయూ ఫైల్లో ఆ ఒక్క అక్షరాన్ని, యూనికోడ్ నంబరు 200సి ని, తీసెయ్యమని రూలు పెట్టాను. ఇండెక్సులోనూ ఉండదు, వెతికే మాటలోనూ ఉండదు, తెర మీద మాత్రం అలాగే ఉంటుంది.

ఠాగూర్ 14లో 14. గిడుగులో మిగిలిన మూడింట్లో ఒకటి కన్వర్టర్ తప్పు, రెండో అక్షరానికి కొమ్ము ఎగిరిపోయి గిడగు అయ్యింది, 11 రోజులు చదివినా మా ఇద్దరి కళ్ళూ దాటేసింది.

ఇప్పటిదాకా: 98 గంటలు. గిడుగు పరీక్ష: 9లో 7.

స్టేజ్ 5: స్టిక్కర్లు (డిసెంబరు)

బార్‌కోడ్ స్కానరు 1,450, స్టిక్కర్ల షీట్లు 780, జిరాక్స్ షాపులో అచ్చుకి 250. షీటుకి 65 స్టిక్కర్లు, 44 షీట్లు చాలు. 50 అయ్యాయి, ఎందుకంటే మొదటి ఆరింటికి ప్రింటరులో ‘పేజీకి సరిపోయేలా’ అన్న టిక్కు ఉండిపోయి బార్‌కోడ్లు కొంచెం కుదించుకుని, కిందికి వెళ్ళేకొద్దీ గళ్ళు దాటిపోయాయి. 100 శాతం అని పెట్టి, ముందు మామూలు కాగితం మీద తీసి స్టిక్కర్ షీటు మీద పెట్టి వెలుతురుకి పట్టి చూడండి.

స్కానరు మొదటిరోజు పీ00123 స్టిక్కరుని ఝ౦౦౧౨౩ అని చదివింది. స్కానరు పాడని తిరిగిచ్చెయ్యబోయాను. లాప్‌టాప్ కీబోర్డు తెలుగు ఇన్‌స్క్రిప్ట్‌లో ఉంది. స్కానరంటే లాప్‌టాప్‌కి ఇంకో కీబోర్డే, పెద్ద పీ నొక్కితే ఝ పడుతుంది. ఇప్పుడు లాప్‌టాప్ మీద పిన్ని చేత్తో రాసిన చీటీ అంటించి ఉంది: ‘స్కాన్ ముందు ఇంగ్లీష్’.

ఇప్పటిదాకా: ఖర్చు 4,810, 112 గంటలు.

స్టేజ్ 6: కరెంటు (ఫిబ్రవరి 2025)

కోహా ప్యాకేజీలకి నేను ‘స్టేబుల్’ అన్న చోటు ఇచ్చాను. పేరు చూసి అది కదలదనుకున్నాను. అది ఎప్పటికప్పుడు కొత్త పెద్ద వెర్షనుకి మారే గుర్తు మాత్రమే. కోహా 24.05 మీద ఉన్నవాణ్ణి, ఒక సాయంత్రం మామూలు అప్‌గ్రేడ్ అనుకుని కొడితే 24.11కి ఎక్కడం మొదలెట్టింది, డేటాబేసు టేబుళ్ళు మార్చుకుంటూ పోతోంది, సగంలో కరెంటు పోయింది. యూపీఎస్ ఉంది. దాని బ్యాటరీ ముసలిది, 4 నిమిషాలు నిలబడింది.

టేబుల్ ఆకారం మార్చే పనులు కోహా వాడే డేటాబేసు మరియాడీబీలో వెనక్కి తిరగవు, ఎక్కడ ఆగితే అక్కడే. కరెంటు వచ్చాక సిబ్బంది పేజీ తెల్ల కాగితం.

సరే, రోజూ బ్యాకప్ తీసే ఏర్పాటు కోహాతోనే వస్తుంది కదా అని ఆ ఫోల్డరు చూశాను. చివరి బ్యాకప్ ఆరు రోజుల క్రితంది. అంతకు ముందుదీ అంతే, ఎప్పుడో అప్పుడొకటి. డెబియన్ రోజువారీ పనులు పొద్దున్న 6:25కి నడుస్తాయి. మా మిషను సాయంత్రం 4 నుంచి 8 దాకానే ఆన్‌లో ఉంటుంది. నేను ఆపడం మర్చిపోయిన రాత్రుల తర్వాతే బ్యాకప్ జరిగింది, అంటే నా మతిమరుపే మా బ్యాకప్ విధానం. ఆగిపోయిన పనుల్ని మిషను లేచాక నడిపే అనాక్రాన్ అనే చిన్న ప్యాకేజీ ఉంది, డెస్క్‌టాప్‌తో ఎక్కిస్తే అదీ వస్తుంది. ఒట్టి సర్వర్ అని మురిసిపోయాను కాబట్టి రాలేదు.

కోహా-రిస్టోర్ కూడా మొదట ఒప్పుకోలేదు, పాత ఇన్‌స్టెన్స్ ఉండగా అది నడవదు. ఉన్నదాన్ని, అది సగం చచ్చినదైనా, వేరే చోట దాచి, కోహా-రిమూవ్ చేసి, అప్పుడు రిస్టోర్ చేసి, ఇండెక్సు కట్టాను. 40 నిమిషాల పని, నాకు చెయ్యి వణుకుతూ మూడు గంటలు పట్టింది. పోయినవి 143 పుస్తకాల ఎంట్రీలు, అన్నీ తడిసిన రిజిస్టరువి, పిన్ని ఆరు రోజులు అల్మారాల ముందు నిలబడి కొట్టినవి. చెప్పడానికి నాకు టెన్షన్. ఆవిడ "స్టిక్కర్లున్నాయి కదరా, మళ్ళీ కొడదాం" అంది, ఐదు సాయంత్రాల్లో కొట్టేసింది.

మార్చినవి:

1. అనాక్రాన్ ఎక్కించాను.
2. బ్యాకప్పులు మామూలుగా 2 రోజులవే ఉంచుతుంది, 14 చేశాను.
3. ప్యాకేజీల చోటు ‘స్టేబుల్’ తీసేసి వెర్షను నంబరే రాశాను. 24.11 ఎక్కువ కాలం మద్దతున్న వెర్షను, అక్కడే ఉంటాం.
4. యూపీఎస్ బ్యాటరీ కొత్తది, 12 వోల్టులు 7 యాంపియర్ అవర్, 950 రూపాయలు. సర్వర్ ఒక్కటే పెట్టి కొలిస్తే 19 నిమిషాలు.
5. 64 జీబీ పెన్‌డ్రైవులు రెండు, 800 రూపాయలు. ఒకటి ఇక్కడ, ఒకటి పాతపట్నంలో మా మావయ్య ఇంట్లో, ఆదివారం ఆదివారం మార్చుకుంటాం. తిత్లీ లాంటిదొస్తే రెండు ఊళ్ళకీ వస్తుంది నిజమే, కనీసం రెండు పైకప్పులు.
6. నెలకోసారి రిస్టోర్ చేసి చూడటం, వేరే పాత డిస్కు మీద. తెరిచి చూడని బ్యాకప్ మీద నాకింక నమ్మకం లేదు.

ఇప్పటిదాకా: ఖర్చు 6,560, 139 గంటలు.

స్టేజ్ 7: ఒక మనిషి, ఐదు పేర్లు (మార్చి)

మిగిలిన రెండు గిడుగు పుస్తకాల్లో ఒకటి ఇంగ్లీషుది, ఆయన పేరు ఇంగ్లీషు లిపిలో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంది. ఇంకోటి ఒడియాలో ఆయన మీద రాసింది. తెలుగు లిపిలో వెతికితే అవి ఎందుకొస్తాయి? తెలుగులోనే మూడు రకాలున్నాయి: రామమూర్తి, రామ్మూర్తి, వేంకట రామమూర్తి.

స్పెల్లింగులన్నీ ఒకటి చేసెయ్యొచ్చు గానీ పుస్తకం మీద ఉన్న పేరుని దిద్దే హక్కు మనకి లేదని మేష్టారు, ఆ మాట సరైనదే. కోహాలో దీనికి అథారిటీ రికార్డులున్నాయి, ఒక మనిషి పేరుకున్న రూపాలన్నీ ఒకచోట కట్టేవి:

1. ఆయనకి ఒక అథారిటీ రికార్డు చేశాను. 100 ఫీల్డులో మనం స్థిరపరుచుకున్న పేరు.
2. 400 ఫీల్డుల్లో మిగతా రూపాలు, ఒక్కోదానికీ ఒకటి. ఒడియా లిపిది పిన్నే కొట్టింది, తను బడిలో చదివింది ఒడియాయే.
3. తొమ్మిది పుస్తకాలనీ చేత్తో దానికి లింకు చేశాను, రాసినవాటికి రచయితగా, ఆయన మీద రాసినవాటికి విషయంగా. అచ్చులో ఉన్న పేరు 245 ఫీల్డులో (పుస్తకం పేరు ఉండేది) సి దగ్గర అలాగే ఉంటుంది.
4. సిస్టమ్ ప్రిఫరెన్సుల్లో ఇంక్లూడ్-సీ-ఫ్రమ్-ఇన్-సెర్చెస్ ఆన్ చేశాను. చేసి, ఏమీ మారలేదని అరగంట తిట్టుకున్నాను. ఇండెక్సు మళ్ళీ కట్టాలి.

ఏ లిపిలో, ఏ రూపంలో కొట్టినా 9. పదిసార్లు కొట్టి చూశాను. ఇప్పటికి 86 మంది రచయితలకి ఇలా చేశాం, ఎక్కువగా అడిగే పేర్లు ముందు.

మార్చి 16న మేష్టారు వచ్చి కొట్టారు. తొమ్మిది. ఒక్కొక్కటీ కిందికి చదువుకుంటూ వెళ్ళి, ఆరోదాని దగ్గర ఆగి, ‘అందుబాటులో ఉంది’ అని రాసి ఉంది కదా తెమ్మన్నారు. పిన్ని అల్మారాకి వెళ్ళింది. మేమిద్దరం కూడా వెళ్ళాం. అల్మారాలో ఎనిమిదే ఉన్నాయి.

ఆరోది అను లిస్టులోది, షీటులోంచి నేరుగా ఎక్కింది, దాన్ని చేత్తో పట్టుకున్నవాళ్ళు లేరు. దాని స్టిక్కరు షీటు మీదే మిగిలిపోయి ఉంది, మేం చూసుకోలేదు. ఇచ్చిపుచ్చుకున్న పుస్తకాల పాత చిట్టాలో 2017లో ఎవరికో ఇచ్చినట్టు ఉంది, పేరు దగ్గర నీళ్ళ మరక.

కోహాలో దానికి ‘పోయింది’ అని పెట్టబోతే మేష్టారు వద్దన్నారు. ఆ జాబితా మనం పెంచుకోవచ్చు, ఆథరైజ్డ్ వాల్యూస్‌లో లాస్ట్ అన్న వర్గంలో ఇంకో వరస చేర్చి ‘పాఠకుల దగ్గర ఉంది, అడగాలి’ అని పెట్టాను. దాంతో పాటు, స్టిక్కరు అంటని పుస్తకాలన్నిటికీ అదే పెట్టడానికి ఒక రిపోర్టు రాశాను, 38 తేలాయి.

ఇప్పటిదాకా: కోహాలో 2,791 (తడిసిన రిజిస్టరు 656లో అల్మారాలో దొరికినవి 601), ఖర్చు 6,560, 158 గంటలు. గిడుగు పరీక్ష: తెర మీద 9, అల్మారాలో 8.